సన్యాసి తొందరపడని ఆట

నేను తిరిగిన రేవుల్లో చదరంగం లేని రేవు లేదు. రెండు రేవుల్లో ఒకేలా ఆడగా చూసిందీ లేదు. ఒకచోట బంటును మెల్లగా తోస్తారు, ఇంకోచోట ఎత్తి టక్కున కొడతారు. రంగూన్‌లో మన కూలీలు మాత్రం చేత్తో కంటే నోటితోనే ఎక్కువ ఆడేవారు. అటు నలుగురు, ఇటు నలుగురు చేరి, "గుర్రం తియ్యి", "మంత్రిని సూడు" అని అరుస్తూంటే, మధ్య కూర్చున్నవాడు వాళ్ళలో ఒకడి మాట వినేవాడు. మన నాటు ఆటకు అది దోషం కాదు. అది లేకపోతేనే చప్పిడి.

సన్యాసిని నేను చూసింది 1927లో. భీమిలి వైపు మనిషి. సేక్కాన్ రేవులో ఓడలకు సరుకు ఎత్తి దించే యంత్రం నడిపేవాడు. అతను కూర్చున్నచోటికి ఓడ కడుపు కనపడదు. పైన బలరాం నిలబడి లోపలికి చూస్తూ సైగ చేస్తాడు: చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని. పన్నెండేళ్ళు ఆ చేతిని చూసి బతికినవాడు సన్యాసి. చదరంగంలోనూ సగం బుర్ర బలరాందే అనేవారు.

అయితే సన్యాసికి ఇంకొక గురువున్నాడు. పజుండౌంగ్ కాలవలో సంపాన్ పడవ నడిపే ఊ ఫో త్విన్ అనే బర్మా ముసలాయన. బర్మా వాళ్ళ చదరంగంలో వింత ఉంది. బంట్లు తప్ప మిగతా బలగాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు బంట్ల వెనక సర్దుకుని, ఆ తరవాతే యుద్ధం మొదలెడతారు. అది చూశాక సన్యాసి ఏ ఆట ఆడినా ముందు ఇల్లు సర్దుకోవడమే. పది ఎత్తులదాకా గీత దాటడు. చూసేవాళ్ళకు నిద్ర వచ్చేది.

పబేడాన్ పేటలో ఒక బట్టల కొట్టు మేడమీద తెలుగువాళ్ళ పఠనాలయం ఉండేది. లోపల కుర్చీలు గుమస్తాలకు, వరండాలో చాప కూలీలకు. ఆదివారం పేపరు పైకి చదివితే వీళ్ళు చాపమీద కూర్చుని వినేవారు, తరవాత అక్కడే ఆట పరిచేవారు. ఆ అరుపులు కార్యదర్శి ఢిల్లేశ్వరరావు గారి ప్రాణానికి వచ్చాయి. ఆయన దొరల పద్ధతిలో ఆడతాడు. మంచి ఆటగాడు, దుర్మార్గుడు కాడు, కాకపోతే నిశ్శబ్దం అంటే పిచ్చి.

"ఏమయ్యా సన్యాసీ, నాతో ఒక్క ఆట ఆడు. మా పద్ధతిలో. నువ్వు గెలిస్తే మీ ముఠా అంతా లోపలికొచ్చి కుర్చీల్లో కూర్చోవచ్చు. ఓడితే ఆ చాప కూడా చుట్టెయ్యాలి. మీవాళ్ళ నోట ఒక్క మాట వచ్చినా ఓడినట్టే."

"నోరిప్పకుండా ఆటేటి బావూ?" అన్నాడు బలరాం. "అది సంతాపసభ కాదేటి?"

"ఊరుకోరా," అన్నాడు సన్యాసి. "ఆడతాను."

తరవాతి ఆదివారం ఎనిమిది మంది గోడవార నిలబడ్డారు. బలరాం తన తువ్వాలు తానే నోట్లో కుక్కుకున్నాడు. సన్యాసి అలవాటు చొప్పున ఒక్కొక్క గడే బంట్లను జరిపాడు. కుడివైపు పలక అంచునున్న గోడవార బంటును కూడా ఊరికే ఒక గడి నెట్టాడు. గుర్రాలు బంట్ల వెనక, శకటు మధ్యలో, మంత్రి ఇంట్లోనే. ఢిల్లేశ్వరరావు గారు తన రాజును మూలకు దాటించి, పక్కన ఏనుగును కాపలా పెట్టి, పొడుం పట్టు పీల్చారు.

"కదలవేమయ్యా? రాత్రికి ఓడ పని లేదా?"

"ఒస్తన్నాను బావూ."

అప్పుడు నడిమి బంటు ఒక్క అడుగు ముందుకేసి, ఆయన రాజుకు కాపలా ఉన్న గుర్రాన్ని తరిమేసింది. దాంతో సన్యాసి శకటుకు ఆ రాజు ముంగిట బంటుదాకా దారి తెరుచుకుంది. గోడవార ఎనిమిది జతల కళ్ళూ అది చూశాయి. ఒకడు గోడకు తల కొట్టుకున్నాడు. బలరాం చెయ్యి, దాని ఖర్మ, దానంతటదే లేచి చూపుడువేలు గిరగిరా తిప్పింది.

"సైగ!" అని లేచారు ఢిల్లేశ్వరరావు గారు.

"నోట మాట రాకూడదన్నారు. ఆడి నోట్లో తువ్వాలుంది కదా," అన్నాడు సన్యాసి. "పోనీ, ఆడు ఇప్పుడే కొట్టమంటన్నాడు. నాను కొట్టను. సరా?"

కొట్టలేదు. గోడవార బంటును ఇంకొక గడి నెట్టాడు, అంతే. బలరాం ముఖం కందగడ్డయింది.

ఢిల్లేశ్వరరావు గారు కూర్చుని, నవ్వి, తన గుర్రంతో ఎక్కడో అవతలి మూల బంటును తినేశారు.

సన్యాసి శకటు వెళ్ళి రాజు ముంగిట బంటును కొట్టింది. రాజు శకటును తిన్నాడు. గుర్రం దూకింది: "రాజు!" అన్నాడు సన్యాసి. ఆయన శకటు గుర్రాన్ని మింగింది. గోడవార బంటు ఆ శకటును ఐమూలగా తినేసి పక్కకు తప్పుకుంది. దాని వెనక, ఆట మొదలైనప్పటినుంచీ కదలకుండా కూర్చున్న ఏనుగుకు రాజుదాకా దారంతా ఖాళీ. "మళ్ళీ రాజు బావూ." రాజు వెనక్కి తగ్గాడు. అప్పుడు మంత్రి ఇల్లు వదిలి ఏనుగు ముందు నిలబడింది. ఇక ఆ రాజుకు తప్పించుకునే చోటు లేదు.

ఆయన చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆఖరికి ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టేశారు.

నోరు తెరవొచ్చో లేదో ముఠాకు తెలియదు.

"ఇంకేటి సూస్తన్నారు? అరవండ్రా!" అన్నాడు సన్యాసి.

కింద కొట్టులో బట్టలు కొలుస్తున్నవాడు గజంబద్ద వదిలేసి వీధిలోకి పరుగెత్తాడని తరవాత చెప్పుకున్నారు. నేను ఆ పూట రెండు చెవులూ మూసుకుని నవ్వాను.

అరుపులు అణిగాక ఢిల్లేశ్వరరావు గారు అడిగారు: "వాడు తిప్పినప్పుడే ఎందుకు కొట్టలేదయ్యా?"

సన్యాసి పావులను వెనక్కి పేర్చాడు. "అప్పుడే కొట్టీసుంటే, మీ శకటు నా గుర్రాన్ని మింగీసి ఊరుకుండును. దాన్ని తినడానికి ఈ బంటు అందదు, ఏనుగుకు దారీ రాదు. నా కాడ ఏటి మిగుల్తాది బావూ, సిగ్గు తప్ప?"

"సెప్పొచ్చు కదా మావా! నా పానం పోనాది," అన్నాడు బలరాం.

"నోరిప్పితే ఓడిపోదుం కదరా."

ఢిల్లేశ్వరరావు గారు ఆ బంటును వేలితో ముందుకీ వెనక్కీ జరిపి చూసుకున్నారు. తరవాత తలెత్తకుండానే, "నిలబడతారేమిటి, కుర్చీలు లాక్కోండి," అన్నారు. "ఈసారి తెల్లవి నావి."