మంగళక్క చేసిన నలభై ఒకటో సెల్

సర్వమంగళ ఇంట్లో బల్ల తుడిచినా, పొయ్యిగట్టు తుడిచినా గుడ్డను ఒకే వైపుకు లాగుతుంది. ఎడమనుంచి కుడికి ఒక లాగు, గుడ్డ పైకెత్తి మళ్లీ ఎడమనుంచి కుడికే ఇంకో లాగు. వెనక్కి రుద్దడం ఆమె చేతికి రాదు. కోడలు నవ్వుతుంది.

"అత్తా, పొయ్యిగట్టుకి కూడా దిక్కులుంటాయా?"

"దానికి లేవు. నా చేతికి ఉన్నాయి."

ఆ చేతికి దిక్కు నేర్పింది మైసూరు శివార్లలోని ఒక పరిశోధన సంస్థ. అక్కడ ద్రవ స్ఫటికాల ప్రయోగశాలలో ఆమెది పాతికేళ్లుగా పని. ద్రవ స్ఫటికమంటే నీళ్లలా పారుతూనే, గాలికి వాలిన వరిపైరులా ఒక్క వైపుకు తలవంచే పదార్థం. ఏ వైపుకు వంచాలో దానికి చెప్పేది మంగళ.

తపాలాబిళ్లంత చదరపు గాజు పలకను కడిగి, సన్నని పూత పూసి, కాల్చి, మఖమలు గుడ్డతో ఒకే వైపుకు రుద్దుతుంది. ఆ రుద్దుడు కంటికి కనబడదు. అందుకని చెయ్యి ఆగిన కొసన పలక మూలను వజ్రపు మొనతో కాస్త కోస్తుంది. అలాంటివి రెండు పలకలు ఎదురుబదురుగా పెట్టి, మధ్య వెంట్రుకకంటే సన్నని సందు వదిలి, తెల్లని జిగురుతో అంటిస్తుంది. దాన్నే అక్కడ సెల్ అంటారు. ఆమె కూర్చిన సెల్‌లో కోసిన మూలలు రెండూ ఒకే అంచుకు చెరో కొసనా ఉంటాయి. ఇన్నేళ్లలో ఒక్కటీ తప్పలేదు. పిల్లలందరికీ ఆమె మంగళక్క. డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్లినవాళ్లు పాతికమంది పైనే. వాళ్లెవరి వ్యాసంలోనూ ఆమె పేరు లేదు. దానికి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకోవలసిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమె చేరిన ఇరవై మూడో ఏడు జాతీయ సదస్సు వాళ్ల సంస్థలోనే జరిగింది. కలకత్తా, లక్నో, గుంటూరు, షిల్లాంగ్ నుంచి రెండు వందలమంది వచ్చారు. లోపల గోడలనిండా పోస్టర్లలో మంగళ సెల్‌లు రంగులు చిమ్ముతుంటే, మంగళ బయట గుమ్మం దగ్గర భోజనం చీట్లు పంచింది. అందరి మెడల్లోనూ పేరున్న పట్టీలు. ఆమె పట్టీ మీద "వాలంటీర్" అని మాత్రం ఉంది.

మూడో రోజు పొద్దున విరూపాక్ష ఉపన్యాసం. హోస్పేట కుర్రవాడు, పరిశోధనలో నాలుగో ఏడు. కొత్త పదార్థం ఒకటి తనంతట తానే మెలితిరుగుతోందని, ఇంతవరకు ఎవరూ చూడనిదని అతను చెప్పబోతున్నాడు. చూసింది మంగళ అతనికి కూర్చి ఇచ్చిన నలభై ఒకటో సెల్‌లో. తన సెల్ తెరమీద కనబడుతుందని మంగళ చీట్ల కట్ట కొంగున దోపుకుని వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

ఉపన్యాసం అయ్యాక ముందు వరసలోంచి కలకత్తా ప్రొఫెసర్ సుచరిత భాదుడి లేచింది. డెబ్భై దాటిన మనిషి.

"అబ్బాయీ, మెలి పదార్థంలో ఉందా, నీ పలకలు పెట్టడంలో ఉందా? ఒక పలక పావు తిరుగు తిరిగితే ఏ పదార్థమైనా మెలితిరుగుతుంది కదా."

విరూపాక్ష తెరమీది బొమ్మ వైపు తిరిగి చూశాడు. వాళ్ల ప్రయోగశాల పెద్ద, ప్రొఫెసర్ ఉమాపతి, మైకు అందుకున్నాడు.

"అలా జరిగి ఉండొచ్చు మేడమ్. మా దగ్గర సెల్‌లు ఒక పనిమనిషి కూరుస్తుంది. పెద్దగా చదువుకోలేదు. ఇలాంటివారితోనే మేం సైన్స్ చేసుకోవాలి మరి!"

హాలంతా నవ్వింది. ఇంగ్లీషు మాట్లాడకపోయినా, ఇరవై మూడేళ్లుగా ఇంగ్లీషు వింటున్న మనిషి మంగళ. ప్రతి ముక్కా అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

కాఫీ విరామంలో ఆమె అటెండరు పుట్టస్వామి దగ్గర తాళంచెవి తీసుకుని ప్రయోగశాలకు నడిచింది. అతనూ వెంట నడిచాడు.

"చీట్లెవరు చూస్తారు మంగళక్కా? బిసిబేళె బాత్ కోసం అక్కడ యుద్ధం జరుగుతుంది."

"జరగనీ. పెద్దపెద్ద చదువులు చదివారుగా, వడ్డించుకోలేరా?"

విరూపాక్ష సొరుగులో నలభై ఒకటో సెల్ దొరికింది. కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. అంచుల వెంబడి పసుప్పచ్చ జిగురు. ఆమె చేతిలో ఎన్నడూ పసుపు జిగురు లేదు. కోసిన మూలలు చెరో కొసనా లేవు. ఒకదానిమీద ఒకటి ఉన్నాయి.

"విప్పి మళ్లీ అంటించాడు" అంది.

అప్పుడే విరూపాక్ష రొప్పుతూ వచ్చాడు. ఆమె చేతిలో ఉన్నది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, మీరు సెలవులో ఉన్నారు. వేరే సెల్ లేదు. పాతది విప్పి, కడిగి, నేనే అంటించాను. చదరపు పలక కదా, ఎటు పెట్టినా ఒకటే అనుకున్నా."

"నాలుగేళ్లు చదివి ఎటు పెట్టినా ఒకటే అనుకున్నావా? మూల ఎందుకు కోస్తాననుకున్నావురా, దిష్టి తగలకుండానా?"

ఆమె సొరుగు మూసింది.

"సార్‌కి తెలుసా?"

"ఇప్పుడే చెప్పాను. 'ఊరుకో, ఆమెకి పోయేదేముంది' అన్నారు."

మంగళ సెల్‌ను పొట్లంలో పెట్టుకుని నేరుగా ఉమాపతి గదికి వెళ్లింది. ఆయన మద్దూరు వడ తింటున్నాడు.

"సార్, ఇది నేను కూర్చింది కాదు."

"తెలుసు మంగళమ్మా. కుర్రాడు కంగారుపడ్డాడు. వదిలెయ్."

"మీరు హాల్లో నా పేరు చెప్పారు."

"పేరెక్కడ చెప్పాను? పనిమనిషి అన్నాను, అంతేగా."

"ఇక్కడ సెల్‌లు చేసేది ఇంకెవరున్నారు సార్? ఏ మైకులో నా తప్పన్నారో, అదే మైకులో కాదని చెప్పండి."

ఉమాపతి వడ ముక్క పక్కన పెట్టి, చంటిపిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు. "చూడమ్మా, వాడి తప్పంటే వాడి డిగ్రీ దెబ్బతింటుంది. నా తప్పంటే ఈ విభాగానికే మచ్చ. నీ తప్పంటే ఎవరికీ ఏమీ కాదు. నీకు పోయేదేముంది చెప్పు?"

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను ఆమె చాలామందిని చూసింది. మద్దెలకు పోయేదేముందని మద్దెలనే అడిగినవాణ్ని చూడటం అదే మొదలు. ఇరవై మూడేళ్లు ఒక్క మూల తప్పు కోయని చెయ్యి అది. పోయేది ఆ చేతి మీది నమ్మకం ఒక్కటే, అంతకుమించి ఆమెకు ఉన్నదేమీ లేదు. ఆ మాట ఆయనకు చెప్పినా అర్థమయ్యేలా లేదని బయటికి వచ్చేసింది.

సాయంత్రం ముగింపు సభ. వేదికమీద అధ్యక్షురాలు భాదుడి. ఎవరైనా మాట్లాడవచ్చు అన్నారు. లక్నో ఆయన బిసిబేళె బాత్‌ను మెచ్చుకున్నాడు. షిల్లాంగ్ ఆవిడ వసతి బాగుందంది. చివరి వరసలో మంగళ చెయ్యెత్తింది.

మైకు మోసేది పుట్టస్వామి. ముందు వరసలోంచి ఉమాపతి వద్దని చెయ్యి ఊపాడు. పుట్టస్వామి ఆ చేతిని చూడనట్టే దాటుకుని, హాలంతా నడిచి వెళ్లి మైకు మంగళకిచ్చాడు.

ఆమె కన్నడంలో మాట్లాడింది. 

"ఏమంటోంది ఆవిడ?" భాదుడి అడిగింది.

ఉమాపతి నవ్వుతూ లేచాడు. "మా పనిమనిషే మేడమ్. భోజనాల గురించి అందరికీ ధన్యవాదాలు చెబుతోంది."

"భోజనాల గురించి కాదు!" మంగళ ఇంగ్లీషులోనే అంది. ఆ హాల్లో ఆమె అన్న ఇంగ్లీషు అంతే. తర్వాత ముందు వరసకు చూపు తిప్పింది. "విరూపాక్షా, లే. నేనన్నది ఉన్నదున్నట్టు చెప్పు."

విరూపాక్ష లేచాడు. పక్కన ఉమాపతి ఏదో గొణిగాడు. కుర్రవాడు అటు చూడలేదు.

మంగళ ఒక్కో వాక్యం చెబుతుంటే అతను ఇంగ్లీషులో చెప్పాడు. నలభై ఒకటో సెల్‌ను ఆమె సరిగానే కూర్చింది. దాన్ని తర్వాత విప్పి పసుపు జిగురుతో అంటించారు. పలక పావు తిరుగు తిరిగింది. మెలి అక్కడినుంచి వచ్చింది. పొద్దున తన తప్పని ఈ మైకులో అన్నారు, అది తన తప్పు కాదు. "విప్పారు" అని ఆమె అన్నచోట అతను "నేను విప్పాను" అన్నాడు. ఆమె మాటల్లో అతను మార్చింది అదొక్కటే.

చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. పొద్దున నవ్వినవాళ్లు చేతిలో కాగితాలు చూసుకున్నారు. భాదుడి కళ్లద్దాలు పెట్టుకుని, ఆమె పూర్తి పేరేమిటని అడిగి, రాసుకుంది.

ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకున్నారు. విరూపాక్ష కొత్త సెల్‌లలో మళ్లీ మొదటినుంచి కొలిచి, ఏడాది ఆలస్యంగా డిగ్రీ తెచ్చుకున్నాడు. ఉమాపతి మంగళకు క్షమాపణ చెప్పలేదు. మరుసటి నెల పత్రికలో అచ్చయిన సదస్సు నివేదికలో "సెల్ కూర్పులో సాంకేతిక లోపం" అని రాశాడు. ఎవరి లోపమో రాయలేదు.

సర్వమంగళకు ఇప్పుడు యాభై నాలుగేళ్లు. ఇప్పటికీ ఆమె ఉద్యోగం పదకొండు నెలల ఒప్పందం మీదే. గడువు తీరినప్పుడల్లా ఒక నెల ఇంట్లో కూర్చుని, మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటుంది.