తోట పత్రిక పంపిన ఈమెయిల్

పొద్దున ఆఫీసుల కంప్యూటర్ తెరవంగనే, నేను చందా కట్టే తోటల పత్రిక నుంచి ఈమెయిల్ కనిపించింది. ఊరికెనే తెరిచిన. అందుల తెల్ల మచ్చల పెద్దాకుల మొక్క ఫొటో, అచ్చం మా హాల్లో ఉన్నదే. పసిపిల్లలు ఆ ఆకు నమిలితే నాలుక వాచి గొంతు పడిపోతదని రాసిండ్రు.

మా బిడ్డ స్నేహకు ఏడాదిన్నర. ఏది దొరికితే అది నోట్లె పెడ్తది. ఇంటికి ఫోన్ చేస్తే మా అత్తమ్మ ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. పర్మిషన్ అడిగి, షేర్ ఆటో ఎక్కి, ఖానాపురం హవేలిల మా ఇంటి దాకా ప్రార్థన చేసుకుంటనే వచ్చిన.

దగ్గరికేసిన తలుపు తోసి చూస్తే మొక్కకు ఒక ఆకు తక్కువుంది! స్నేహ చాప మీద కదలకుండ పడుకొని ఉంది. గబుక్కున ఎత్తుకొని నోట్లె వేలు పెట్టిన. ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపు వింటే నాకు పానం లేచొచ్చింది.

అత్తమ్మ పెరట్ల నుంచి తడి చేతులతోనే ఉరికొచ్చింది. "బట్టలు పిండుతున్ననమ్మా. నిద్రపోయే పిల్లను గట్ల లేపుతరా?"

"ఆ మొక్క ఆకు ఏదత్తమ్మా?"

"పండిపోయిందని నేనే తెంపి పడేసిన. ఏమైంది?"

సంగతి చెప్తే ఆమె మొఖం పాలిపోయింది. మెల్లగ అడిగింది. "ఆ మొక్కను తెచ్చుకోమన్నది గా పుస్తకమే కద బిడ్డా?"

నిజమే. నిరుడు హాలుకు అందమని రాసింది ఆ పత్రికోళ్లే.

మొక్కను డాబా ఎక్కించిన. చందా ఉంచాల్నా, ఆపాల్నా, మీరే చెప్పండి. వాళ్లు పంపిన ఈమెయిళ్లు తెరవనివి ఇంకా చానా ఉన్నయి. తెరవాలంటే భయం, తెరవకపోతే ఇంకా భయం.