నేరేడు చెట్టు కింద ముట్టించని పొయ్యి

మా అన్న కొడుకు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. దగ్గరి అడవికి పోయి రాత్రి పడుకుని రావడాన్ని వాడు అడ్వెంచర్ అంటాడు. అందుకని బూట్లు కొన్నాడు, తాళ్ళు కొన్నాడు, విదిలిస్తే గొడుగులా లేచి నిలబడే గుడారం కొన్నాడు. హైదరాబాదులో అందరి చేతుల్లో జీతాలు గలగలమంటున్న రోజులవి. అడవిలో పడుకునే ఆ పనే మేం పుట్టినప్పటి నుంచి చేస్తున్నాం. మాకది జాతర. బూట్లు అక్కర్లేదు.

నలభై దాటాక పాస్టరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తియ్యగా రాయడం ఆమె నేర్పలేదు, నేను అడగలేదు.

బీదరు ఎర్రరాతి గట్టు దిగి, చింతకి వైపు బస్సెక్కి, దారిలో దిగి వాగు వెంట నడిస్తే జాతర చోటు వస్తుంది. మోదుగలు పూసే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ తెలుగు క్రైస్తవులం అక్కడ మూడు రోజులుంటాం. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం వంట, సాయంత్రం పాటలు. మాఘం దాటితే మా వైపు ఎండ మాడుస్తుంది. కాబట్టి చెట్టే ఇల్లు. ఏ కుటుంబం చెట్టు ఆ కుటుంబానికుంది. పట్టా లేదు, గుర్తు లేదు. చెట్టు కింది మూడు పొయ్యిరాళ్ళే సాక్ష్యం. ఏటా వాటి మీద కట్టెలతో వండాలి, రాళ్ళకు మసి పట్టాలి. పోయేటప్పుడు వాన కడగకుండా మసి వైపు కిందికి తిప్పి పెట్టాలి. ఒక్క ఏడు పొయ్యి ముట్టించకపోతే, చెట్టు లేనివాళ్ళు ఎవరైనా మరుసటేడు పెద్దల్ని అడిగి అక్కడ దిగవచ్చు.

మా నాయన చెట్టు నేరేడు. మడుగు పక్కనే. మోదుగలు మోడులై నిలబడ్డప్పుడు కూడా దాని కింద చల్లగా ఉండేది. అమ్మానాయన పోయారు, అన్న హైదరాబాదు చేరాడు. పెళ్ళయి బీదరులోనే ఉన్న నేను ఏటా కట్టెల మోపు మోసుకుపోయి ఆ పొయ్యి ముట్టించాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ మెచ్చుకోలేదు.

ఒక ఏడు స్నానాల బండ మీద జారి కాలు విరిగింది. అన్నకు ఫోను చేశాను.

"ఈసారి నువ్వు పోవాలె అన్నా. రాళ్ళ మీదనే వండుండ్రి, మర్వకు."

"నాకు చెప్తున్నవా చెల్లె? నేను పుట్టింది ఆ చెట్టు కిందనే," అన్నాడు. ఆయన పుట్టింది బీదరు ఆసుపత్రిలో.

పోయారు. వచ్చి ఫోటోలు చూపించారు. మేనల్లుడు తాడు పట్టుకుని బండ ఎక్కడం, వదిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మడుగులో కాళ్ళు ముంచడం. నేను పొయ్యి సంగతి అడిగాను. "అంత మంచిగైంది," అంది వదిన.

మరుసటేడు వాళ్ళ కారులోనే నన్నూ తీసుకుపోయారు. నేరేడు కింద చింతకి కుటుంబం దిగి ఉంది. పొయ్యి మండుతోంది. ఓ నడీడు ఆమె అందులో కట్టె ఎగదోస్తోంది.

"ఎవరమ్మా మీరు? మా చెట్టు కింద ఏం పని?" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "అక్కా, కోపం జెయ్యకు. పోయినేడు మీవాళ్ళు గ్యాసు సిలిండరు దెచ్చి వండిన్రు. రాళ్ళు ముట్టుకోలే. జాతరంత చూసింది. మూడేండ్ల సంది మేం ఎండల గూసుంటున్నం. పెద్దల్ని అడిగినం, ఇచ్చిన్రు."

న్యాయం ఆమె వైపే ఉంది. అందుకే నాకు ఇంకా మండింది. వెనక్కి తిరిగి వదిన మీద పడ్డాను.

"ఒక్క పూట కట్టెలు ముట్టియ్యనీకి నీ చేతులకు ఏమైంది?"

"పొగకు నాకు దమ్మొస్తది. కట్టెల మీద వండినా, గ్యాసు మీద వండినా అన్నం అన్నమే గద. ఇంత లొల్లి దేనికి? అడివంత చెట్లే."

"పో మరి. ఏ చెట్టు కిందికి పోతవో పో."

"పెండ్లయి ఇంకో ఇంటికి వొయినదానికి మా చెట్టు గురించి ఫికరేంది?"

మా చెట్టట. ఇన్నేళ్ళు నేను మసి పట్టించిన రాళ్ళు ఆ మాట వినలేదు, నయం. అన్న కారు అద్దం తుడుస్తున్నాడు. శుభ్రంగానే ఉంది, అయినా తుడుస్తున్నాడు.

చింతకి ఆమె పిలిచింది. "నీడ శానుంది. రా అక్కా, ఇక్కడనే గూసో. కలిసి తిందాం."

"నీ నీడ నాకొద్దు," అన్నాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. మా నాయన చెట్టు కింద చుట్టాన్నై కూర్చోలేను.

మా మేనల్లుడు మధ్యలో వచ్చాడు. "అత్తా, పైన ఎర్రబండ ఉంది. అక్కడికెల్లి వ్యూ సూపరుంటది. ఆడ టెంటేద్దాం."

మిగిలింది ఆ బండే. ఎక్కాం. ఒక సీతాఫలం పొద తప్ప ఏమీ లేదు. వ్యూ ఉంది, నిజమే. కింద నేరేడు గుబురు, దాని కింద లేచే పొగ, అంతా బాగా కనబడింది. అది చూడడానికా నేను వచ్చింది? పన్నెండయ్యేసరికి ఆ గుడారం కుంపటైంది. వదిన ముఖం కందిపోయింది. మూడింటికి కారెక్కారు.

"ఎట్లొస్తవు నువ్వు?" అన్నాడు అన్న. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"కాళ్ళున్నయి."

"ఒకటి ఇర్గింది గద."

"అతికింది. నువ్వు పో."

ముసుగు కప్పుకుని మూడు రోజులూ అక్కడే ఉన్నాను. బండ పగుల్లో రాళ్ళు దొరికితే ఏరి పొయ్యి పెట్టాను. నీళ్ళకు దిగినప్పుడల్లా చింతకి పిల్లలు నా బిందె అందుకోబోయారు. ఇవ్వలేదు. చివరి రోజు పెద్దల దగ్గరికి పోయి, ఈ బండ నాది, గుర్తుంచుకోండి అన్నాను. నవ్వారు. చెట్టు లేని చోటును ఎవరూ లెక్కలోకి తీసుకోరన్నారు. అయితే కొత్తగా తీసుకోండి అన్నాను. ఒకాయన నవ్వు ఆపి, సరేలెమ్మా అన్నాడు.

తర్వాతి జాతరకు ముందు అన్న ఫోను చేశాడు. రెండు రోజులు ముందే పోయి నేరేడు కింద దిగితే చింతకి వాళ్ళు ఏం చేస్తారు, చూద్దాం అన్నాడు. కట్టెలు కూడా తెస్తాడట.

"ఆ రాళ్ళు ముట్టుకుంటే నేనే వొచ్చి నీ పొయ్యి ఆర్పుత," అన్నాను. "వాళ్ళు మూడేండ్లు ఎండకు గూసున్నరు. నువ్వు మూడు గంటలు గూసోలే."

ఫోను పెట్టేశాను. ఆయన రాలేదు. నేను మోపు బస్సు మీద వేయించుకుని పోయి, బండ ఎక్కి, వండుకున్నాను.