వెనక నడిచిన వేరు

నేను చీలిన పై పెదవితో పుట్టాను. పసితనంలోనే కుట్టేశారు గనుక మిగిలింది ఒక మచ్చ. అంగిట్లో చీలిక మాత్రం లోపల అలాగే ఉండేది. మా నాన్న అమీర్‌పేటలో దర్జీ. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఇంకా నిజాం కాలం, చీలిక పక్కనే ఉన్న ముందు పన్ను అడ్డం తిరిగి మొలిచింది. ముట్టుకుంటే కొద్దిగా కదిలేది.

అదే ఏడు మా మేనత్త కూతురి పెళ్లి కుదిరింది. మేనత్త పంజగుట్ట నుంచి వచ్చి, నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది.

"తమ్మీ, గీ పన్ను పీకించు. పెండ్లిల పిల్ల మొఖం జర సక్కగ కనబడాలె."

"డాక్టర్ను అడిగి చేద్దాం అక్కా," అన్నాడు నాన్న.

టాంగాలో ముగ్గురం నగరంలోని దవాఖానకు వెళ్లాం. డాక్టరు పెద్దాయన. నా పళ్లకు ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. రెండు ముందు పళ్లు కనిపించాయి. ఒకదాని వేరు పొడుగ్గా, మొనదేలి ఉంది. చీలిక వైపుది సగంలో ఆగినట్టు పొట్టిగా, కొసన వెడల్పుగా ఉంది. అప్పటిదాకా నా చీలిక పెదవికీ అంగిటికీ సంబంధించిందే అనుకున్నాను. అది పంటి వేరు దాకా పోయిందని ఆ రోజే తెలిసింది.

"గిది చెడిపోయిన పన్ను గాదు," అన్నాడు డాక్టరు. "ఏరు ఇంక పెరుగుతున్నది. పక్కది ముంగట నడుస్తున్నది, గిది ఎనక నడుస్తున్నది. చీలిక ఉన్నోళ్లకు గిట్ల అయితది. పీకద్దు."

"మరి పెండ్లికో?" అంది మేనత్త.

"పెండ్లికి పన్ను ఎందుకమ్మా, పిల్లను తీస్కపో."

 పెళ్లిలో మేనత్త నన్ను స్తంభం చాటున కూర్చోబెట్టింది. నాకు బాధ కంటే ఆకలి ఎక్కువ. కదిలే పన్ను లేని వైపు నమిలి తిన్నాను.

మరుసటి ఏడు మళ్లీ ఎక్స్‌రే తీశారు. వేరు పెరిగింది. పక్కదానంత కాదు, కాని చాలినంత. పన్ను కదలడం ఆగింది, వంకర మాత్రం పోలేదు.

ఆ ఏడే మిషన్ బడిలో పంతులమ్మ నన్ను లేపి పాఠం చదవమంది. అంగిట్లో చీలిక వల్ల నా మాట ముక్కులోంచి వచ్చేది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేను పేజీ చివరిదాకా చదివి కూర్చున్నాను.