తాళం వేసి ఉన్న ఇల్లు

పదకొండేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాటే. ఎవరికీ చెప్పలేదు. అది వినవలసిన ఇద్దరూ ఇప్పుడు లేరు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే కాస్త ధైర్యం.

మాది కొండపల్లిలో కొండ వారన ఇల్లు. ముందు గది బొమ్మల కొట్టు, వెనక కాపురం. మా ఆయన బొమ్మలు చెక్కేవారు, నేను రంగులు వేసేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నాలు కొనేవాళ్ళొచ్చి నిద్ర లేపకుండా ఆయనకొక అలవాటు ఉండేది. ముందు తలుపుకు బయట తాళం వేసి, చుట్టూ తిరిగి పెరటి తలుపు గుండా లోపలికి వచ్చి పడుకునేవారు. తాళం చూస్తే ఎవరూ పిలవరు కదా.

ఆ రోజూ అలాగే పడుకున్నాం. లేచేసరికి కొండ మీద ఎండు గడ్డి అంటుకుని ఉంది, గాలి మా వైపు తిరిగింది. పెరటి వైపు మంట, వీధి నిండా పొగ. ఆయనకు ఉబ్బసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. బయటపడే వేళ దాటిపోయింది, ఇంట్లోనే ఉండాలనుకున్నాను. గ్యాస్ కట్టేశాను. కిటికీలు మూశాను. బకెట్లు నింపి, దుప్పట్లు తడిపి తలుపు సందుల్లో కుక్కాను. ఆయన్ను నేల మీద కూర్చోబెట్టి ముక్కుకు తడిగుడ్డ పెట్టాను. చెయ్యవలసినవన్నీ సరిగ్గానే చేశాను. ఇలా చెప్పుకోవడం కూడా ఒక సాకేనా?

అప్పుడు ముందు తలుపు దగ్గర రూతమ్మగారి గొంతు వినిపించింది. పక్కింటావిడ, ఒంటరి మనిషి. ఆవిడది తాటాకిల్లు, మాది డాబా. "అమ్మాయ్, ఉన్నారా?" అని పిలిచింది. తాళం లాగిన చప్పుడు. మళ్ళీ పిలిచింది.

ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి నా వైపు చెయ్యి చాచారు. మాట రావడం లేదు. తలుపు పక్కనున్న కిటికీ రెక్క ఒకటి తీసి ఆ తాళంచెవి అందిస్తే చాలు. పొగ వస్తుంది. ఎంత వస్తుంది? నేను భయపడింది ఆయన కోసమా, నా కోసమా? ఇన్నేళ్ళూ ఆయన కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆయన ఊపిరి గురించే అయితే, ఆయనే చెయ్యి చాచినప్పుడు నేనెందుకు ముఖం తిప్పుకున్నాను?

ఆవిడ మూడోసారి పిలిచింది. తర్వాత చెప్పుల చప్పుడు దూరమైంది.

మంట మా పెరటి గోడ దాకా వచ్చి ఆగింది. తాటాకిల్లు కాలిపోయింది. రోడ్డు వైపు పరిగెత్తుతూ రూతమ్మగారు కాలుతున్న కంచె మీద పడిపోయింది. ఎడమ కాలు మోకాలి దాకా కాలింది. మళ్ళీ ఆవిడ తిన్నగా నడవలేదు.

ఆసుపత్రికి చారన్నం పట్టుకెళ్ళాను.

"ఎటెళ్ళారే ఆ మధ్యాహ్నం? మీ తాళం చూసేసరికి గుండె జారిపోయిందనుకో."

"పటమటలో మా చెల్లెలింటికి వెళ్ళామండీ పిన్నిగారూ."

"బొమ్మేమన్నా పట్టుకెళ్ళావా, చేతులూపుకుంటూ వెళ్ళావా? నీ పిసినారితనం నాకు తెలీదా."

"అంబారీ ఏనుగు పట్టుకెళ్ళానండీ."

నవ్వింది. "పోన్లే, మంచి పని చేశారు. ఉంటే మీ ఆయన ఆ పొగకి బతికేవాడు కాదు."

ఆసుపత్రి నుంచి వచ్చాక ప్రార్థన కూటానికి నన్నూ రమ్మంది. ఆ రోజు మమ్మల్ని ఊళ్ళో లేకుండా చేసినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. నేను పక్కనే కూర్చుని ఆమేన్ అన్నాను.

ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మధ్యాహ్నం తాళం వెయ్యడం మాత్రం మానేశారు. ఆ మౌనం జాలో, అసహ్యమో అడిగే ధైర్యం నాకు రాలేదు. ఆరేళ్ళ కిందట ఆవిడ పోయింది. నిరుడు ఆయన పోయారు. కొట్టు మూసేశాను. ఇప్పుడీ ఇంటి తలుపు ఎవరూ తట్టరు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాయాలనిపించింది. ఆ మధ్యాహ్నం మేం పటమట వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాం. ఆవిడ మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ విన్నాను.