ఊపిరి గుర్తు

తొంభైల నాటి మాట. భర్త పోయాక భద్రాచలంలో ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాను. రోజంతా నేనూ, కంప్యూటరూ. సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఒకరోజు అడవి పల్లెలో పంతులుగా చేసి రిటైరైన ఒకాయన నోటుబుక్కు తెచ్చారు. చనిపోయిన భార్య నాట్లప్పుడు పాడిన పాటలట, పుస్తకం వేయించాలట. పాటల మధ్య అక్కడక్కడా కొక్కెంలాంటి గుర్తు ఉంది.

"ఇదేంది సార్?"

"ఆమె ఊపిరి తీసుకున్న జాగా బిడ్డా. అది తప్పకుండ ఉండాలె."

కీబోర్డులో అలాంటిది లేదు. పట్టుబట్టి నేనే గీసి మా తెలుగు ఫాంట్‌లో చేర్చాను. పుస్తకమంతా టైపు చేసి, ఫ్లాపీ ఖమ్మం ప్రెస్సులో ఇచ్చాను. వాళ్ల దగ్గరా అదే ఫాంటు ఉంది గానీ నా గుర్తు లేదు. మార్చిన ఫాంటు కూడా ఇవ్వాలని నాకు తట్టలేదు.

అచ్చయిన పుస్తకాల కట్ట ఆయన ముందే విప్పితే, ఊపిరి ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ గడి! "తప్పు నాదే సార్" అని ఏడ్చేశాను.

ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు.

"పెన్నుందా బిడ్డా?"

తర్వాత పది రోజులు నా ఎదుటి కుర్చీలో కూర్చుని, సన్నగా పాడుకుంటూ, గడి వచ్చినచోట ఆగి ఊపిరి తీసుకుని గుర్తు గీశారు. నేనూ గీశాను. "చాయ్ తాగినవా?" అని రోజూ అడిగేవారు.

చివరి కాపీ అయ్యాక కట్ట ఎత్తుకుని బస్సెక్కారు. అంత పొరపాటు చేసి సిగ్గుపడాల్సింది పోయి, ఖాళీ గళ్లు ఇంకొన్ని మిగిలి ఉంటే బాగుండుననుకున్నాను.