ఎగువ ఊరి ఉస్తాద్

మిలటరీ పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. సన్నటి వాన. ఈశాన్యపు కొండల్లో ఒక గుట్ట మీద ఇసుక బస్తాల గోడ, రేకుల కప్పు, నాలుగు బంకర్లు. కింద తారు రోడ్డు, దాని అంచున ఎర్రమట్టి. నాతో కలిపి పదకొండు మందిమి. ఒంటి మీద రైఫిలు, నాలుగు మ్యాగజైన్లు, హెల్మెట్టు, తొమ్మిది కిలోల జాకెట్టు. సంచిలో మా అమ్మ కట్టిన ఆవకాయ. దారిలో సీసా మూత ఊడి రెండు జతల సాక్సులు నూనెలో నానాయి.

మా సెక్షన్ కమాండర్ ఒక హవల్దారు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు. నా కాగితాలు తెరవకుండానే అడిగాడు.

"ఏ ఊరు?"

"చిలుకూరు ఉస్తాద్. కోదాడ దగ్గర."

"కాలువ కింది భూములేనా?"

"కాలువ కిందే. కాకపోతే ఆఖరున."

కాసేపు నన్నే చూశాడు. "నాది మాడుగులపల్లి దిక్కు. మిర్యాలగూడ కాడ" అన్నాడు.

నాకు అక్కడే అనుమానం పట్టుకుంది. ఎందుకో చెప్పాలి. సాగర్ ఎడమ కాలువ ముందు మిర్యాలగూడ భూములను తడిపి, ఆ తర్వాత మా దాకా వస్తుంది. వస్తే. మా పొలమేమో పిల్లకాలువకు చిట్టచివర. మా నాన్న జీవితంలో ఎక్కువగా తిట్టింది ఎగువోళ్లనే. నీళ్లు ఆగిపోతే తెల్లవారగానే నన్ను వెంటేసుకుని గట్టు వెంబడి పైకి నడిచేవాడు, ఎవడు గండి కొట్టాడో చూడడానికి. గండి కొట్టినవాడు తెలివైనవాడైతే మళ్లీ పూడ్చి, పైన గడ్డితో సహా మట్టిపెళ్ల అతికించి పోతాడు. అలాంటి చోట్లు పట్టుకోవడంలో నాకు చిన్నప్పుడే పేరుంది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో అది ఇలవేల్పు.

డ్యూటీ ఇదీ. నాలుగున్నరకు లేవాలి. ఐదూ పదికి గేటు దాటాలి. మిలటరీ ట్రక్కులు రాకముందే వంతెన దాకా తొమ్మిది కిలోమీటర్లు నడిచి, రోడ్డు పక్కన, కల్వర్టుల కింద ఎవరైనా బాంబు పెట్టారేమో చూడాలి. మనిషికీ మనిషికీ మధ్య పది మీటర్లు. ఎనిమిదిన్నరకు రేడియోలో 'రోడ్డు క్లియర్' అని చెబితేనే ట్రక్కులు కదులుతాయి.

మొదటి రోజు నుంచే ఉస్తాద్ నన్ను ఎడమ అంచున ముందు నడిపించి, తాను సరిగ్గా నా వెనక నడిచాడు. నేను రోడ్డును చూస్తే ఆయన నన్ను చూసేవాడు. చటుక్కున వెనక్కి తిరిగినా చూపు తిప్పుకునేవాడు కాదు. సాయంత్రం ఐదింటికి బంకర్లోకి పిలిచేవాడు.

"ఇయ్యాల ఏమేం సూసినవ్?"

"ఏం లేదు ఉస్తాద్."

"ఏం లేకుంటె నువ్వు కండ్లు మూసుకొని నడిసినట్టు. పది చెప్పు."

చెప్పేవాణ్ని. మూడో కల్వర్టు దగ్గర కొత్త చెప్పు ఒకటి. మైలురాయి మీద పిట్ట రెట్ట. నిన్న లేని సైకిలు టైరు గుర్తు. ఆయన బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. "ఇగ పో" అనేవాడు.

మా రేడియో ఆపరేటర్ది సూర్యాపేట. వాణ్ని అడిగాను, ఉస్తాద్ అందరినీ ఇలాగే పిలుస్తాడా అని.

"లేదు, నిన్నొక్కన్నే. నన్నయితే పేరు పెట్టి గూడ పిలవడు" అన్నాడు.

ఇంకేముంది. నాకు అర్థమైపోయింది. నా పది మాటల్లో ఒక తప్పు పట్టుకుని, నన్ను పనికిరానివాడిగా రాసి కిందికి పంపుతాడు. ఆ మాట కాగితం మీదికెక్కితే ప్రమోషను కోర్సు పోయినట్టే. నా చోట్లోకి తన మనిషిని తెచ్చుకుంటాడు. నీళ్లు తిన్నవాడికి ఉద్యోగం తినడం ఎంతసేపు అనుకున్నాను.

నాలుగో వారంలో తప్పు నేనే చేసి పెట్టాను. ఐదో కిలోమీటరు దగ్గర నిన్న లేని తెల్లరాయి కనిపించింది. చెయ్యెత్తాను. ట్రక్కులు బయల్దేరకుండా ఆగిపోయాయి. బాంబు స్క్వాడ్ వచ్చి, పడుకుని, పాకి, రెండు గంటల నలభై నిమిషాలు తిప్పలు పడి తేల్చింది. అది ఉత్త రాయి. పశువులు కాసే ముసలాయన కూర్చోవడానికి దొర్లించుకున్నాడు. రేడియోలో మా కంపెనీ ఆఫీసరు ఒకటే అరుపు.

"ఎవరు ఆపారు?"

ఉస్తాద్ హ్యాండ్‌సెట్ తీసుకున్నాడు. "నేనే ఆపిన సాబ్."

"కళ్లు పనిచేస్తున్నాయా?"

"చేస్తున్నయి సాబ్."

నా పేరు ఎత్తలేదు. దానికి కృతజ్ఞత పుట్టాలి కదా. నాకు పుట్టింది ఇంకో అనుమానం. ఈ ఉపకారం దాచిపెట్టి ఎప్పుడో బయటికి తీస్తాడని. ఆ రోజు నుంచి వంటవాడు నన్ను చూస్తే చాలు, "జరగండి, రాయి వస్తోంది" అనేవాడు. పది రోజులు అదే పాట. ఉస్తాద్ మాత్రం ఆ సాయంత్రం కూడా పిలిచి, రాయి మాట పక్కన పెట్టి, "మిగిలిన తొమ్మిది చెప్పు" అన్నాడు.

రాయి దొరికిన పదకొండో రోజు. ముందు రెండు రోజులు ఆగకుండా వాన. పొద్దున తెరిపి ఇచ్చింది. ఆరూ ఇరవైకి ఆరో కల్వర్టు దాటాను. రోడ్డంచు ఎర్రమట్టి బురదైంది, బూటు దిగబడుతోంది. కల్వర్టు పక్కన ఎడమకు, చేటంత మేర గడ్డి. చుట్టూ ఉన్నదంతా నీళ్లు తాగి నిగనిగలాడుతోంది. ఆ చేటంత గడ్డి వాడిపోయి ఉంది. రెండు రోజుల వానలో గడ్డి ఎందుకు వాడుతుంది? వేరు తెగితే వాడుతుంది. ఎవరో పెళ్ల తీసి, మళ్లీ అతికించారు.

నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. మళ్లీ తప్పయితే ఇక నన్ను రాసి పంపడం ఖాయం. తల తిప్పుకుని నడిచాను. నా జీవితంలో సిగ్గుపడే అడుగులేవైనా ఉంటే అవే, ఏడెనిమిది.

"ఆగు" అన్నాడు వెనక నుంచి. గట్టిగా కాదు. "ఏం సూసినవ్?"

"ఏం లేదు ఉస్తాద్."

"అబద్ధమాడకు. నీ మెడ తిరిగింది. ఏదో సూసినవ్."

"గడ్డి వాడింది. కల్వర్టు పక్కన, ఎడమకు."

ఆయన అందరినీ ఉన్నచోటే ఆపేశాడు. ఆపరేటర్‌కు చెప్పి ట్రక్కులను కదలకుండా ఆపించాడు. ఆ పెళ్లకు ఇటు నేను, అటు ఆయన. నా ముందు నేల ఎలాంటిదో తెలియదు. వెనక్కి రమ్మన్నాడు. నా కాళ్లు రాలేదు. సినిమాల్లో చూపించినట్టు ఏమీ ఉండదు. చివరికి ఆయనే వచ్చి నన్ను తీసుకెళ్లాడు.

తొమ్మిదీ యాభైకి స్క్వాడ్ వచ్చింది. గడ్డి కింద రేకు డబ్బా, దాన్నుంచి తీగ. పదకొండూ ఇరవైకి అక్కడే పేల్చేశారు. కల్వర్టు సగం లేచిపోయింది. ఆ రోజు మొదటి ట్రక్కులో సెలవు మీద ఇళ్లకు పోయేవాళ్లున్నారు. సాయంత్రం వంటవాడు నా పళ్లెంలో రెండు గుడ్లు వేశాడు. ఉస్తాద్ అయిదింటికి పిలిచాడు.

"మిగిలిన తొమ్మిది చెప్పు."

ఆయన రిటైరై ముందు వెళ్లిపోయాడు. తర్వాత నేనూ వచ్చేశాను. ఇప్పుడు సూర్యాపేటలో ఒక గోదాము గేటు దగ్గర ఉద్యోగం, ఇల్లు కోదాడలో. బస్టాండులో దిక్కులేని సంచి కనిపిస్తే ఇప్పటికీ మా ఆవిడను అటు నడవనివ్వను. పెళ్లిచూపుల్లో తన మొహం కన్నా ముందు గుమ్మం చూశానని ఆమె అందరికీ చెబుతుంది. నిజమే.

పోయిన నెల ఆపరేటర్ దగ్గర ఉస్తాద్ అడ్రసు తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. ఆయన ఇంటి ముందు మంచమేసుకుని కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు. ముందు నా చేతిలో సంచి వైపు చూశాడు.

"ఊకెనే ఎవ్వడు రాడు. ఏం పని మీద వచ్చినవ్?"

"పనేం లేదు ఉస్తాద్. చూసి పోదామని."

"బిడ్డ పెండ్లా? కార్డేది?"

"నా బిడ్డకు ఆరేళ్లు ఉస్తాద్."

"మరి కొలువుకు సిఫారసా? నా మాట ఈడ ఎవ్వడు వినడు."

నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా సంచే చూసేవాణ్ని. సంచి తెరిచి బత్తాయిలు చూపించాక గానీ ఆయన భార్య చాయ్ తేలేదు. అప్పుడు అడిగాను, ఇన్నేళ్లూ మింగలేకపోయిన ప్రశ్న. "నన్నొక్కడినే ఎందుకు కాపలా కాశావు?"

ఆయన చాయ్ ఊదుకున్నాడు. "గండి కొట్టి, పైన గడ్డిపెళ్ల పెట్టి పూడ్చినోణ్ని నేను. మా నాయిన నేర్పిండు. గది ఎవ్వనికి దొరకకపోతుండె, ఒక్క కిందూరోళ్లకు తప్ప. నువ్వు కాలువ ఆఖరు అన్నవ్. ఇగ నాకు కండ్లు దొరికినయనుకున్న. నేల నువ్వు సూడాలె, నిన్ను నేను సూడాలె. గంతే."

ఆయన భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మనుషుల మీద పెట్టుకుని తిరిగిన నా చూపును నేల మీదికి తిప్పింది ఈయన. అది కూడా నాకు తెలియకుండా. "నువ్వు రాకపోతే నేను అక్కడే పోయేవాణ్ని ఉస్తాద్. నా పెళ్లాం, నా బిడ్డ, అన్నీ నువ్వు పెట్టిన భిక్షే" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఎన్నడూ నా మీది నుంచి చూపు తిప్పనివాడు, ఆ రోజు తిప్పాడు. "చాయ్ సల్లారుతది, తాగు" అన్నాడు.

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బయట వరి కోతలు. కళ్లు మూస్తే ఎప్పుడూ కనిపించేదే కనిపించింది. బురదలో నా దాకా వచ్చిన నా బూటు గుర్తులు, వాటి మీదుగా తల వంచుకుని వస్తున్న ఆయన. నేను అడుగేసిన చోట పేలలేదు కాబట్టి, సరిగ్గా అక్కడే అడుగేస్తున్నాడు, ఒక్కొక్కటి నిదానంగా. ఆయన బూటు నా బూటు కన్నా రెండు సైజులు పెద్దది. కాలు మోపిన చోటల్లా నా గుర్తు ఆయన గుర్తు కింద పోతోంది. నా దగ్గరికి వచ్చి, నా భుజం పట్టుకునే సరికి, ఆ బురదలో ఆయన అడుగులు మాత్రమే మిగిలాయి.